అందరికీ సమజ్ అయ్యే జన్యువుల బొమ్మ

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసే రోజుల్లో నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పడం నాకూ చేతనయ్యేది కాదు. శాస్త్రవేత్తలు మనిషి రక్తంలోంచి జన్యువుల సమాచారం తీస్తారు. దాన్ని తెర మీద గీతలుగా, రంగులుగా చూపించే సాఫ్ట్‌వేర్ మా కంపెనీ తయారుచేసేది. వేలితో జరిపితే బొమ్మ జరుగుతుంది, రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతుంది, ఎక్కడ తాకితే అక్కడి సంగతి బయటికొస్తుంది. రావాలి, కనీసం. ఆ తెర ముందు కూర్చున్న మనిషి ఎక్కడ తికమకపడుతున్నాడో కనిపెట్టడం, ఆ తికమకను తీసేయించడం నా పని. ఇంజనీర్లు కష్టపడి వేసిన చిక్కుముళ్లను అంతకన్నా కష్టపడి విప్పడం అన్నమాట. ఇదంతా విని మా అమ్మ ఒకటే అడిగింది.

"కూసోని చేసే పనేనా బిడ్డా?"

అవునన్నాను.

"ఇంకేంది మరి," అంది. నడుములు, మోకాళ్లు పట్టేసిన ఇంట్లో కూర్చుని చేసే పనిని మించిన ఉద్యోగం లేదు.

మాది మర్రిగూడ మండలం. ఈ మాట చెప్పగానే చదువుకున్నవాళ్లు ముందు నా పళ్లు చూస్తారు. ఆ తర్వాత "ఓ, ఫ్లోరైడ్!" అంటారు, చుట్టాల ఊరు గుర్తుపట్టినంత సంబరంగా. మా ఇంట్లో గొర్రెలూ మేకలూ ఉంటాయి, వానకు పండే కాస్త పత్తి ఉంటుంది. బాపు ఆ ఫ్లోరైడ్ ఉన్న బోరింగు నీళ్లు తాగి పెరిగాడు, ఎముకలు బిగుసుకుపోయాయి. మెడ తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు, మేకలు కూడా ఆయన తిరిగేదాకా ఆగడం నేర్చుకున్నాయి. అవ్వ కాళ్లు వంకర్లు పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఫోటో ఎన్ని పత్రికల్లో వచ్చిందో ఆమెకే తెలియదు. కెమెరాలతో వచ్చినవాళ్లందరూ ఆమెను ఎండలో కూర్చోబెట్టి, కాళ్లు చాపమని, చాలా బాధపడి వెళ్లిపోయేవాళ్లు. తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు ఇంటింటికీ నల్లా వచ్చింది, నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చాయి. ఆ రోజు అవ్వ చెంబెడు తాగి, "సప్పగున్నయ్" అంది. అంతకాలం తాగిన దాని రుచి అట్లాంటిది.

నా పెళ్లికి నీళ్ల పంచాయితీ రాలేదు. నన్ను చేసుకున్నది మా మేనబావ. వాళ్లదీ అదే మండలం, అదే బోరింగు, అడగడానికి వాళ్లకు మొహం లేదు. వచ్చిన చిక్కంతా మా చెల్లెతోనే. చెల్లె డిగ్రీ అయిపోయి ఊళ్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పేది. నవ్వినప్పుడు పళ్ల మీద పసుపు గారలు తప్ప ఒంట్లో ఏ లోపమూ లేదు, మేకపిల్లను చంకన పెట్టుకుని గుట్టెక్కి దిగేది. దానికి నార్కట్‌పల్లి నుంచి ఒక సంబంధం నడుస్తోంది. హైవే పక్కన టిఫిన్ హోటల్. తండ్రి లేడు, కొడుకు పొయ్యి దగ్గర, తల్లి గల్లా దగ్గర. పిల్లవాడు చెల్లెతో ఫోన్లో మాట్లాడేవాడు. ఏం మాట్లాడుకునేవాళ్లో గానీ, ఫోన్ పెట్టేశాక మా చెల్లె చాలాసేపు ఎవరి మీదా అరిచేది కాదు. దాన్ని బట్టి ఆ పిల్లవాడు మా అందరికీ నచ్చాడు.

మా మండలం పిల్లను అడగవచ్చే వాళ్లు తేల్చుకునే సంగతి ఒకటే. ఇది నీళ్ల జబ్బా, నెత్తురు జబ్బా? నీళ్లదైతే ఫికర్ లేదు, పెళ్లయి ఊరు దాటితే నీళ్లు ఇక్కడే ఉండిపోతాయి. నెత్తురుదైతే పిల్లతో పాటు అత్తారింటికి వస్తుంది, మనవళ్ల దాకా పోతుంది. అందుకే బాపు దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది: "నీళ్లేనమ్మా. మా నెత్తుర్ల ఏం లేదు." పిల్లవాడి తల్లి ఈ మాట విని, ఇంకా ఏమీ ఖాయం చేయకుండానే, చెల్లెకు తమ హోటల్ ఇడ్లీలు డబ్బాలో పంపడం మొదలుపెట్టింది. మేమూ ఆమెను అత్తమ్మా అనడం మొదలుపెట్టాం. మా వైపు సగం సంబంధాలు ఇట్లా నోట్లోనే ఖాయమవుతాయి.

సరిగ్గా అప్పుడే సైన్సు మా ఊరి మీద దయతలచింది.

ఒక పరిశోధన సంస్థ వాళ్లకు ఒక ప్రశ్న పుట్టింది. అందరూ అవే నీళ్లు తాగినా కొందరి ఎముకలు ఎక్కువ, కొందరివి తక్కువ ఎందుకు పాడవుతున్నాయి? జన్యువుల్లో ఏమైనా ఉందా? ప్రశ్న మంచిదే. దాని కోసం మా ఊళ్లో ఇంటింటికీ వచ్చి రక్తం తీసుకుపోయారు. తీసుకున్నది ఊరివాళ్ల రక్తం కాబట్టి ఫలితం కూడా ఊరివాళ్లకే, వాళ్లకు అర్థమయ్యేట్టు, వాళ్లే వేలితో జరిపి చూసుకునేట్టు చూపించాలని పెద్దలు నిర్ణయించారు. ఆ బొమ్మ చేసే పని మా కంపెనీకి వచ్చింది. దాన్ని ఊళ్లో పరీక్షించే పని నాకు వచ్చింది.

"మీకు లోకల్ లాంగ్వేజ్ వచ్చు కదండీ," అన్నాడు మా మేనేజరు. అదేదో నేను కోర్సు చేసి నేర్చుకున్నట్టు.

మొదటి పరీక్ష మా గ్రామపంచాయతీ హాల్లో జరిగింది. మనుషుల పేర్లు బయటపడకూడదని సంస్థ వాళ్లు చాలా జాగ్రత్తపడ్డారు. పేర్లన్నీ తీసేసి ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఇచ్చారు. నంబరు పక్కన వయసు, ఆడో మగో, ఇంట్లో ఎందరు, ఏం పని చేస్తారు అన్నవి మాత్రం ఉంచారు. మా ఊళ్లో ఆ నాలుగూ చెప్తే ఆ ఇంటి కుక్క పేరు కూడా చెప్తారు. టాబ్లెట్ తెరవగానే వెనక నుంచి ఒకాయన "గిది కల్లు దుకాణం మూల మీద ఇల్లు గదా" అని గోప్యతను చక్కబెట్టాడు.

మా పరీక్షకు ఒక పద్ధతి ఉంటుంది. మనిషిని తెర ముందు కూర్చోబెట్టి, మనసులో అనుకునేదంతా పైకి అనమంటాం. ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో ఆ మాటల్ని బట్టి తెలుస్తుంది. నగరంలో ఈ పద్ధతికి మంచి పేరుంది. మా ఊళ్లో మొదట కూర్చున్న పెద్దమనిషిని "మనసుల అనుకునేది బయటికి అను కాకా" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి తన తమ్ముడితో పొలం గెట్టు తగాదా మొత్తం చెప్పాడు. తెర వైపు చూడలేదు. గొర్లకాపరుల వేళ్లు మొద్దుబారి గట్టిపడి ఉంటాయి, తెర వాళ్ల తాకిడిని గుర్తించలేదు. ఒకాయన మూడు వేళ్లు మార్చి చూసి, చివరకు నాకు సాయంగా వచ్చి పక్కన నిలబడ్డ మా చెల్లె చెయ్యి పట్టుకుని దాని వేలితో నొక్కాడు. అది సులువుగా పనిచేసింది. రిపోర్టులో ఈ సదుపాయానికి ఏ పేరు పెట్టాలో నాకు తోచలేదు.

అన్నిటికన్నా గొప్ప సంగతి మార్కులు. చివర్లో ప్రతివాళ్లనూ అడగాలి: బొమ్మ అర్థమైందా, వాడడం తేలికేనా, ఏమైనా మార్చాలా? మా ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లు తెచ్చిన దానికి వంక పెట్టరు. ఉప్పు లేని కూర పెట్టినా ఆ ఇంట్లో కూర్చుని "మంచిగుంది" అంటారు, ఉప్పు సంగతి మూల మలుపు తిరిగాక మాట్లాడుకుంటారు. అట్లాంటిది మన ఊరి పిల్ల పట్నం నుంచి మోసుకొచ్చిన బొమ్మకు వంక పెడతారా? "మస్తుగుంది బిడ్డా." "రంగులు మంచిగున్నయ్." "ఏం మార్చకున్రి, గిట్లనే ఉండనియ్యున్రి." బొమ్మను తలకిందులుగా పట్టుకున్న ఒక ముసలామె కూడా నిండు మార్కులు వేసింది. ప్రపంచంలో ఇంత అర్థం కానిదానికి ఇన్ని మార్కులు ఎక్కడా వచ్చి ఉండవు.

ఎవరూ తమ బొమ్మ తెరిచి చూసుకోవడానికి ముందుకు రాకపోతుంటే మా చెల్లె కూర్చుంది. "నాది చూస్త తియ్యి," అంది ఉత్సాహంగా. సరిగ్గా అదే గడియకు నార్కట్‌పల్లి అత్తమ్మ హాల్లోకి వచ్చింది. పక్క ఊళ్లో ఏదో చావు పరామర్శకు పోయి, తోవలో మా ఇంటికి వచ్చి, అందరూ ఇక్కడే ఉన్నారంటే ఇటు నడిచిందట. నేను కుర్చీ జరిపాను. ఆమె కూర్చోలేదు. చెల్లె భుజం మీదుగా వంగి తెర చూసింది.

తెర మీద చెల్లె వరుస నిండా ఎర్ర గీతలు. పై వరుస బాపుది, అక్కడా ఎర్ర గీతలే. పై గీత నుంచి కింది గీతకు సన్నటి ఎర్ర తీగ. తండ్రి నుంచి బిడ్డకు ఏది వచ్చిందో చూపడానికి మా ఇంజనీర్లు పెట్టిన అలంకారం అది.

అసలు సంగతి ఏమిటంటే, శాస్త్రవేత్తలు ఒక నమూనా మనిషి జన్యువుల వరుసను పక్కన పెట్టుకుంటారు. దానికి తేడాగా ఉన్న ప్రతిచోటా గీత పెడతారు. తేడా అంటే జబ్బు కాదు. నాకూ ఉంటాయి, మా మేనేజరుకూ ఉంటాయి, భూమ్మీద ప్రతి ఒక్కరికీ లెక్కలేనన్ని ఉంటాయి. ఆ నమూనా మనిషి మా మండలం వాడు కాదని వేరే చెప్పనక్కర్లేదు. ఈ వివరణ మా బొమ్మలో ఉంది కూడా. మౌస్ బాణాన్ని గీత మీద కాసేపు నిలబెడితే ఒక చిన్న డబ్బాలో, ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. టాబ్లెట్‌కు మౌస్ ఉండదు.

"గిదేంది బిడ్డా, గిన్ని ఎర్రగున్నయ్?" అని అత్తమ్మ అడిగింది.

"గవి ఏం కావు అత్తమ్మా. అందరికీ ఉంటయ్," అన్నాను.

"అందరికీ ఉంటే ఎర్రగ ఎందుకు పెట్టిన్రు?"

నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆమె వేలితో ఆ తీగను పై నుంచి కిందికి చూపించింది.

"తండ్రి కాడికెళ్లి బిడ్డకొచ్చింది. మీ బాపు నీళ్లన్నడు గదా. నీళ్లయితే గిట్ల తీగలెక్క పారుతదా?"

హాల్లో అందరూ విన్నారు. చెల్లె మొహం పాలిపోయింది. అత్తమ్మ మర్యాదస్తురాలు, ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. ఇంటికి వచ్చి చాయ్ తాగింది, బాపు ఆరోగ్యం అడిగింది, బస్సెక్కింది. ఆ వారం ఇడ్లీల డబ్బా రాలేదు. ఫోన్ కూడా తగ్గింది. చెల్లె మళ్లీ అందరి మీదా అరవడం మొదలుపెట్టింది. బాపు మనిషి మొత్తం నా వైపు తిరిగి, "నెత్తురు అని ఎవరన్నరు బిడ్డా? నువ్వు తెచ్చిన బొమ్మనే అన్నదా?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు. నా బొమ్మ మీద నాకే ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే హైదరాబాద్‌లో మీటింగుకు పోయాను. అక్కడ కేకు కోస్తున్నారు. కంపెనీ చేసిన ఏ పరీక్షలోనూ రానన్ని మార్కులు మా ఊళ్లో వచ్చాయట. "మీవాళ్లు చాలా పాజిటివ్ అండీ," అన్నాడు మేనేజరు, నా చేతిలో కేకు ముక్క పెడుతూ. నేను ఎర్ర రంగు తీసేయాలన్నాను. రంగులు చూసే ఇంజనీరు, "రెడ్ అంటే ఊరికే అటెన్షన్ అండీ, డేంజర్ అని కాదు," అన్నాడు. అట్లయితే మీ ఇంటికి కరెంటు బిల్లు ఎర్ర అక్షరాల్లో వస్తే చూసి సంతోషిస్తారా అని అడిగాను. అది అంతర్జాతీయ ప్రమాణం అన్నాడు. అంతర్జాతీయంలో నార్కట్‌పల్లి కలుస్తుందా లేదా అని అడిగాను. కేకు బాగుంది, ఆ ఒక్క విషయంలో అందరం ఏకాభిప్రాయానికి వచ్చాం.

చివరికి నా మాట నెగ్గిందంటే నా తెలివి వల్ల కాదు. సంస్థ పెద్దాయన ఒకరు ఈ గొడవ వినీ వినకుండా, తన జన్యువుల బొమ్మనూ ఒకసారి తెరిపించి చూసుకున్నాడు. నిండా ఎరుపు. మర్నాటికల్లా ఎరుపు ఎంత ప్రమాదకరమో కంపెనీ మొత్తానికి అర్థమైంది.

ఆ తర్వాతి నెలలు నేను పనిచేసినంతగా ఎప్పుడూ పనిచేయలేదు. అందరికీ ఉండే తేడాలకు గడ్డివాము రంగు పెట్టించాను, ఎవరికీ ఏమీ అనిపించని రంగు. మౌస్ డబ్బాలు తీసేయించి, గీత పక్కనే తెలుగులో మాట రాయించాను. ఆ తెలుగు కూడా నిఘంటువులోంచి దిగినది కాదు. తేడా అన్న మాటకు "ఉత్పరివర్తనం" అని రాసుకొచ్చిన అనువాదకుణ్ణి ఆ మాట గట్టిగా చదవమన్నాను. ఆయనే నవ్వి కొట్టేశాడు. మొద్దువేళ్లకు అందేట్టు మీటలు పెద్దవి చేయించాను. ఇతర ఊళ్లవాళ్ల వరుసలు కింద చేర్పించాను, అందరివీ ఒక్క తీరుగా ఉన్నాయని ఒక్క చూపులో తెలిసేట్టు. ఈలోగా సంస్థ వాళ్ల పరిశోధన కూడా తేలింది. ఎముకలు ఎక్కువ పాడైనవాళ్ల నెత్తురుకూ తక్కువ పాడైనవాళ్ల నెత్తురుకూ, మా ఊరి నెత్తురుకూ బయటి ఊళ్ల నెత్తురుకూ పట్టించుకోవలసిన తేడా ఏదీ కనబడలేదు. దోషం నీళ్లదే. ఈ మాట కోసం ఇంటింటికీ సూది గుచ్చారు, అయినా పోనీ, తెర మీద రాసి ఉంటే నమ్మేవాళ్లు ఎక్కువ.

ఆ నీళ్ల సంగతి కూడా చూపించాలి కదా. అందుకని మా బొమ్మలో చివరి తెర ఒకటి చేర్చాం. మనిషి ఎముకల బొమ్మ, కింద ఒక జరుపుడు మీట. మీటను వేలితో ముందుకు జరిపితే, ఆ నీళ్లు తాగిన ఏళ్లు పెరుగుతాయి, ఎముకల్లో మెల్లమెల్లగా మసక చేరుతుంది. వెనక్కి జరిపితే తెల్లబడుతుంది. ఏ వేలికీ పట్టేయకుండా నున్నగా జరగడానికి ఆ మీట మీద నేను పడ్డ తంటాలు ఇన్నీ అన్నీ కావు. దాని పైన, పెద్ద అక్షరాలతో, "అందరికీ ఇట్లనే అయితదని కాదు" అని రాయించాను.

మార్కులడిగే పద్ధతి కూడా ఎత్తేయించాను. "మంచిగుందా" అని అడిగితే మా వాళ్లు మంచిగుందనే అంటారు. దానికి బదులు ఒకే ప్రశ్న పెట్టాను: "ఇది చూసినవు గదా, ఇంటికి పోయి ఏం చెప్తవ్?" చెప్పింది సరిగ్గా ఉంటే బొమ్మ పనిచేసినట్టు. వంకరగా ఉంటే వంకర మాది. రెండోసారి ఊళ్లో పరీక్ష పెట్టినప్పుడు కాకా అంతా చూసి, "మా నెత్తురు అందరి లెక్కనే ఉన్నది, నీళ్లే మమ్ముల పాడు చేసినయ్ అని చెప్త," అన్నాడు. గెట్టు తగాదా ఊసే ఎత్తలేదు. నాకు సంబరమయింది.

ఆ సంబరంలోనే బాపు చేత నార్కట్‌పల్లికి ఫోన్ చేయించాను. "అక్కా, ఓపాలి మల్ల వచ్చి చూసి పోరాదు. నువ్వు చూసిందాంట్ల గడబిడ ఉండెనంట, సక్కజేసిన్రు," అన్నాడు బాపు. అత్తమ్మ మారు మాట్లాడకుండా వచ్చింది. ఒక్కతే. చెల్లె కొత్త చీర కట్టుకోలేదు గానీ, తల రెండుసార్లు దువ్వుకుంది.

మంచం మీద కూర్చోబెట్టి టాబ్లెట్ ఆమె చేతికిచ్చాను. పద్ధతి ప్రకారం నేను నోరు మెదపకూడదు. మెదపలేదు. ఆమెకు నా అవసరమూ రాలేదు. పగలంతా గల్లా దగ్గర ఫోన్లో డబ్బులు పడ్డాయో లేదో చూసే చెయ్యి. ఒక్కో తెరా చదివింది, పెదాలు కదుపుతూ, అక్షరం వదలకుండా. చెల్లె వరుస చూసింది, కింద ఇతర ఊళ్లవాళ్ల వరుసలు చూసింది. మళ్లీ పైకి పోయి చూసింది.

"అందరియి గిట్లనే ఉన్నయ్," అంది.

"అవ్ అత్తమ్మా."

"అయితే నెత్తురు కాదు."

"కాదు."

అమ్మ కళ్లు తుడుచుకుని చాయ్ పెట్టడానికి లేచింది. చెల్లె గడప మీద నిలబడి కాలి వేలితో నేల రాస్తోంది, నవ్వు ఆపుకుంటోంది. అత్తమ్మ దాన్ని దగ్గరికి పిలిచి, "నా తల్లీ, నేను గట్ల అనుకోవద్దుండె," అని గడ్డం పట్టుకుంది. ఇన్ని నెలలు రంగుల కోసం నేను చేసిన యుద్ధాలన్నీ ఆ నిమిషానికి సరిపోయాయి అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

బొమ్మ అయిపోలేదు. ఇంకో తెర ఉంది. అక్కడికి పోవడానికి మీట ఎక్కడుందో వెతుక్కునే కష్టం ఆమెకు లేకుండా చేసింది నేనే. నొక్కింది. ఎముకల బొమ్మ వచ్చింది. పైన రాసింది చదివింది, కింద జరుపుడు మీట చూసింది.

"నల్లా వచ్చేటాలకు నీకెన్నేండ్లు బిడ్డా?" అని చెల్లెను అడిగింది.

"ఇంటర్ చదువుతుంటి," అంది చెల్లె.

అత్తమ్మ మీటను మెల్లగా అంతదాకా జరిపి ఆపింది. మీట ఎక్కడా పట్టేయలేదు. ఎముకల్లో మసక చేరింది. ఎక్కువేమీ కాదు, వెన్ను దగ్గర కొంచెం, మోకాళ్ల దగ్గర కొంచెం. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి బాపును చూసింది, మూల మంచంలో అవ్వ కాళ్లను చూసింది.

చాయ్ గ్లాసులు వచ్చాయి. ఎవరూ తీసుకోలేదు. నా పద్ధతిలో ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. అడగకుండా ఉండొచ్చు. కానీ అడగకపోతే ఆమె మనసులో ఏముందో తెలియకుండానే బస్సెక్కేది, మళ్లీ మేం ఇడ్లీల డబ్బా కోసం తోవ చూస్తూ కూర్చునేవాళ్లం.

"ఇంటికి పోయి ఏం చెప్తవ్ అత్తమ్మా?"

ఆమె టాబ్లెట్‌ను మంచం మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఏం చెప్తనే తల్లీ. పిల్ల నెత్తురు మంచిది, మీ బాపు అబద్ధం ఆడలేదు అని చెప్త. తప్పంత నీళ్లదే అని చెప్త. గా నీళ్లు బొక్కల్ల, గీ ఎముకలల్ల ఉండిపోతయ్, ఊరు మారితే పోవు అని గూడ చెప్త."

"అందరికీ అట్లనే అయితదని కాదు. పైన రాసి ఉన్నది," అన్నాను.

"సదివిన బిడ్డా. కాకపోవచ్చు. అయితే? నాకు ఒక్కడే కొడుకు. పొద్దంత పొయ్యి కాడ నిలవడి చేసే పని మాది." ఆమె చెల్లె వైపు చూడలేకపోయింది. "మొన్నటి దాంక సమజ్ కాక పరేషాన్ల ఉంటి. గిప్పుడు మంచిగ సమజ్ అయింది."

చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. మా సంస్థ శాస్త్రవేత్తలు చెప్పినా అంత చక్కగా చెప్పేవాళ్లు కాదు. ఆమెతో దెబ్బలాడడానికి నాకు ఒక్క వంకా దొరకలేదు, ఆ వంకలన్నీ నెలల తరబడి కూర్చుని తీసేసింది నేనే కదా. ఆమె చాయ్ తాగలేదు. పోయేటప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది, అది నాటకం కాదు. బాపు బస్సు దాకా తోడు పోయాడు.

ఆ సంవత్సరం మా బొమ్మకు కంపెనీలో పెద్ద పేరొచ్చింది. వేరే రాష్ట్రాల వాళ్లు కూడా అడిగారు. చదువు తక్కువైనవాళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా పూర్తిగా అర్థం చేసుకున్నారని మా మేనేజరు వేదికల మీద చెప్పేవాడు. ఉదాహరణకు ఒక హోటల్ నడిపే పెద్దావిడ, అని మొదలుపెట్టేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నేను వెనక వరసలో కూర్చుని, ఆయన చెప్పడం ఎక్కడ ఆపుతాడో చూస్తూ ఉండేదాన్ని. సమజ్ అయిన దగ్గరే ఆపేవాడు, సంబంధం పోయిన దాకా వచ్చేవాడు కాదు.

కానీ నేను చెప్పవలసింది ఆ సాయంత్రం సంగతి. అత్తమ్మ పోయాక చెల్లె ఏడవలేదు, ఎవరి మీదా అరవలేదు. వచ్చి మంచం మీద కూర్చుని టాబ్లెట్ తీసుకుంది. అత్తమ్మ ఆపినచోటే మీట ఆగి ఉంది. చెల్లె ఆ బొమ్మను, ఆ మోకాళ్లను చూస్తూ కూర్చుంది. నేను చల్లారిన చాయ్ గ్లాసులు లోపల పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను.

"అక్కా, గిది ఎనకకు గూడ పోతదా?" అని అడిగింది.

"పోతది."

"ఎనకకు పోయే సౌలత్ ఎందుకు పెట్టిన్రు?"

"వేలు జారి ఎక్కువ జరిపితే సరిచేసుకునేటందుకు."

చెల్లె మీటను బొటనవేలితో మొదటిదాకా జరిపింది. ఇంటర్ పోయింది, బడి పోయింది, బోరింగు పోయింది, ఎముకలన్నీ తెల్లగా అయ్యాయి. అట్లాగే నా ఒళ్లో పెట్టింది.

"ఇగో, సరిజేసిన," అని, మేకలు తోలుకరావడానికి లేచిపోయింది.